చేనిలో దీపం ఎవరికి వెలుగు?

కోడుమూరు ప్రాంతంలో వెలుతురుకు కరువు లేదు. కరువున్నది నీళ్లకు, గిట్టుబాటు ధరకు, కూలిపనికి. ఎండాకాలం హంద్రీ ఒడ్డున నిలబడితే పదకొండు గంటలకే నెత్తి మాడిపోతుంది. టమాట, మిరప నారు పోసేవాళ్లు ఆ ఎండను ఆపడానికే నీడవలలు కట్టుకుంటున్నారు. ఇట్లాంటి గడ్డమీద మొక్కలకు దీపాలు పెట్టండి, వాటి వెలుతురును మళ్లించే రేకులు కొనండి అని చెప్పేవాళ్లు బయల్దేరారు. కొనాలా వద్దా అన్నది తర్వాతి మాట. ఆ దీపం ఏ పని చేస్తుందో ముందు తెలుసుకోవాలి.

మొక్కకు వెలుతురు రెండు పనులు చేస్తుంది. ఒకటి తిండి. ఆకు ఎండను పట్టుకొని పిండిపదార్థం తయారుచేసుకుంటుంది. రెండోది కాలం చెప్పడం. రాత్రి ఎంత పొడవుందో చూసుకొని, పూయాలా, ఇంకా పెరగాలా అని తేల్చుకొనే మొక్కలున్నాయి. ఈ సంగతిని 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా మొక్కల మీద పరిశీలించి ప్రకటించారు. ఈ రెండు పనులకూ కావలసిన వెలుతురు ఒకటి కాదు. ఆ తేడా తెలియని రైతును మోసం చేయడం చాలా సులభం.

చామంతి సంగతి చూడండి. రాత్రులు పొడవైతే అది మొగ్గ తొడుగుతుంది. మన దగ్గర డిసెంబరులో పగలు పదకొండు గంటల పైచిలుకు మాత్రమే. ఆ రోజుల్లో నాటిన మొక్క జానెడు ఎదగకముందే పూతకు వస్తుంది. అందుకని కోలారు, చిక్కబళ్లాపురం వైపు, మన చిత్తూరు జిల్లాలోనూ చామంతి రైతులు నాటిన తొలి రోజుల్లో నడిరాత్రి నాలుగు గంటలు బల్బులు వెలిగిస్తారు. రాత్రి రెండు ముక్కలవుతుంది. మొక్క దాన్ని చిన్నరాత్రిగా లెక్కగట్టి కొమ్మలు వేస్తుంది. డ్రాగన్ పండు దీనికి ఎదురు. అది పగలు పొడవుగా ఉన్నప్పుడు పూస్తుంది గనుక, వియత్నాం రైతులు చలికాలం రాత్రుల్లో దీపాలు పెట్టి కాయిస్తున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొందరు ఆ దారి పట్టారు.

ఇక లెక్కకొద్దాం. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్సులుంటుంది. చామంతికి రాత్రి కాలం చెప్పడానికి ఆకుమీద వంద లక్సులు పడితే చాలు. అంటే ఎండలో వెయ్యోవంతు. పది అడుగులకొకటి లెక్కన ఎకరాకు 435 బల్బులు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులైతే అన్నీ కలిపి నాలుగు కిలోవాట్లకు లోపే. మన అయిదు హెచ్‌పీ మోటారు తినే కరెంటుకు దరిదాపు. రాత్రికి నాలుగు గంటలు, నలభై రాత్రులు వెలిగిస్తే 630 యూనిట్లు. అదే వెలుతురుకు పాత 60 వాట్ల గుండు బల్బులు కడితే 4,200 యూనిట్లు అవుతుంది. ఇక్కడ ఎల్‌ఈడీ ఎంచుకోవడంలో ఎవరికీ పేచీ ఉండనక్కరలేదు.

పాలీహౌస్‌లో పంట ఏపుగా పెరగడానికి దీపాలు కావాలనే మాట వేరు. అది తిండిపెట్టే దీపం. మధ్యాహ్నపు ఎండలో పదోవంతు వెలుతురు ఎకరమంతా దీపాలతో ఇవ్వాలన్నా, మంచి ఎల్‌ఈడీలతోనే మూడు వందల కిలోవాట్లు దాటుతుంది. ఎనభైకి పైగా అయిదు హెచ్‌పీ మోటార్లు ఒక్క ఎకరంలో ఒకేసారి తిప్పినట్టు! హాలెండులో చలికాలం పగలు ఎనిమిది గంటలే, అదీ మబ్బుపట్టిన పగలు. వాళ్లు రేకులు బిగించిన సోడియం దీపాలు పెట్టుకున్నారంటే అర్థముంది. నీడవల కప్పుకొని ఎండను ఆపుకొనే మనకు ఆ దీపం దేనికి? ఇవతల ఎండను కొట్టేసి, అవతల కరెంటుతో ఎండను కొనుక్కోవడమా?

కాబట్టి కొనదలచినవాళ్లు నాలుగు విషయాలు అడగాలి. మొదటిది రంగు. మొక్క రాత్రి పొడవు కొలిచేది ముఖ్యంగా ఎర్రని కాంతితో. పసుపుపచ్చ ఛాయ ఉన్న బల్బుగానీ, ఎర్ర బల్బుగానీ పనికొస్తుంది. నీలి ఛాయ తెల్ల బల్బు అంత పని చేయదు. రెండోది, డబ్బామీది లూమెన్ లెక్క మనిషి కంటికి సంబంధించింది. తిండిపెట్టే దీపమని అమ్మేవాణ్ని మొక్క వాడుకొనే కాంతి ఎంతో మైక్రోమోల్ లెక్కలో చూపమనాలి. చూపలేకపోతే బేరం అక్కడితో సరి. మూడోది రేకు. గుండు బల్బు వెలుతురులో సగం ఆకాశానికి పోతుంది గనుక పైన తెల్లరంగు వేసిన రేకు ఉంటే మేలు. ఎల్‌ఈడీ బల్బు కిందికే వెలుగుతుంది, దానికి ఖరీదైన అద్దపు రేకు దండగ. ఏ రేకైనా మన దుమ్ములో తుడవకపోతే వారం రోజుల్లో మసకబారుతుంది. వెలుతురు మళ్లించడమే కావాలంటే వెండిరంగు పైకి వచ్చేట్టు మల్చింగు షీటు పరుచుకోవచ్చు. అది ఆకుల అడుగుకు వెలుతురిస్తుంది, తామరపురుగును, తెల్లదోమను కొంత తరుముతుంది, నీటి ఆవిరిని ఆపుతుంది. కరెంటు అడగదు. పంట తర్వాత ఆ ప్లాస్టిక్‌ను ఏరి తీయాలి, అంతే.

నాలుగోది కరెంటు. ఉచిత విద్యుత్తు 2004లో వచ్చింది బోరు మోటారు కోసం. వ్యవసాయానికిచ్చే తొమ్మిది గంటల సరఫరాను నమ్ముకొని నడిరాత్రి దీపాలు కట్టలేం. దీపాలకు ఏ రేటు పడుతుందో విద్యుత్ కార్యాలయంలో రాతమూలకంగా తెలుసుకోకుండా ఒక్క బల్బూ కట్టవద్దు.

ఇంతవరకూ రైతు లెక్క. ఇక ఈ లెక్కలో కనబడని మనిషి గురించి చెప్పాలి. తెల్లవారుజామున పూలు కోసేది ఎవరు? ఆడకూలీలు. తడిమట్టిలో, మంచుపట్టిన మొక్కల మధ్య, నెత్తిమీద వేలాడే తీగల కింద వంగి పనిచేసేది వాళ్లు. 2022 జూన్ 30న తాడిమర్రి మండలంలో పనికి పోతున్న ఆటోమీద కరెంటు తీగ తెగిపడి అయిదుగురు కూలితల్లులు కాలిపోయారు. ఉడుత వల్ల జరిగిందన్నారు. అదే సంవత్సరం నవంబరు 2న బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరులో ట్రాక్టరుమీద తీగ పడి నలుగురు కూలీలు చనిపోయారు. అవి ఊరికి కరెంటు తెచ్చే తీగలు. వాటికే దిక్కు లేనప్పుడు, కట్టెలకు కట్టి, అతుకుల మీద టేపు చుట్టి, చేనంతా మనమే తీగలు లాగితే ఏం కావాలి?

అందుకే దీపాలు కట్టే ప్రతి చేనులోనూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు ఉండాలి. వానకు తట్టుకొనే హోల్డర్లు వాడాలి. వీలైన చోట 12 లేక 24 వోల్టుల తీగలే కట్టాలి. కూలీలు చేనులోకి దిగే ముందు మెయిన్ తీయాలి. ఇది యజమాని దయ కాదు, బాధ్యత. రాత్రి దీపాలు వేసి తీసే మనిషికి రాత్రికూలి వేరుగా కట్టాలి. పగటి కూలిలో దాన్ని కలిపేస్తే ఒప్పుకోకూడదు.

సబ్సిడీ సంగతీ అడగవలసిందే. పాలీహౌస్ సబ్సిడీ పట్టా ఉన్నవాడికి. కౌలురైతుకు 2019 చట్టం ప్రకారం కార్డు రావాలన్నా భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం ఎంతమంది పెడుతున్నారో ప్యాలకుర్తిలో అడిగినా, వర్కూరులో అడిగినా కౌలురైతులే చెబుతారు. దీపాలకు సబ్సిడీ ఇచ్చేముందు రక్షణ పరికరాలకు ఇవ్వాలి. కౌలుదారుకు సంతకం లేకుండానే కార్డివ్వాలి.

సైన్సు మీద మనకు విరోధం లేదు. ఎండలో వెయ్యోవంతు వెలుతురుతో పూతకాలాన్ని మార్చగలిగిన మనిషి తెలివి గొప్పది. చిన్నరైతులు పదిమంది కలిసి, ఒక్కొక్కరు పది సెంట్లలో, ఉద్యానశాఖవాళ్లను దగ్గర పెట్టుకొని, ఒక పంటకాలం చూసి లెక్క రాసుకోండి. పూలధర నిలుస్తుందా, కూలి గిడుతుందా, కరెంటు బిల్లు పోను ఏం మిగిలిందో చూసుకోండి. అప్పుచేసి ఎకరమంతా వెలిగించడం ఆ తర్వాతి మాట.