వెతకాల్సింది తల్లి కాదు

సెరిబ్రల్ పాల్సీ (సీపీ) ఉన్న పిల్లల కుటుంబాలకు సేవలు ఎందుకు అందడం లేదని అడిగితే అధికారులూ నిపుణులూ చెప్పే జవాబు ఒక్కటే: తల్లిదండ్రుల్లో అవగాహన లేదు. ఆ వెంటనే ఓ సదస్సు, ఓ కరపత్రం, కొత్తగా ఓ యాప్. ఈ జవాబు తప్పు. పైగా ఇది సర్కారు నెత్తిన ఉన్న బరువును తల్లి నెత్తికెత్తే ఎత్తుగడ.

ఎవరూ పట్టించుకోని లెక్క ఒకటుంది. వైకల్యంపై 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత ప్రకారం దేశంలోని దివ్యాంగుల్లో వైకల్య ధ్రువపత్రం ఉన్నవారు 28.8 శాతమే. అంటే నూటికి 71 మంది చేతిలో ఆ కాగితమే లేదు. పింఛనుకు వెళ్లినా, బస్సు పాసుకు వెళ్లినా, చక్రాల కుర్చీకి వెళ్లినా, నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాకు వెళ్లినా ముందు అడిగేది ఆ కాగితాన్నే. నూటికి పదిమంది తప్పిపోతే అవగాహన లోపమనుకోవచ్చు. 71 మంది తప్పిపోయారంటే లోపం వాళ్లలో ఉందా, వ్యవస్థలో ఉందా?

సీపీ పిల్లల ఇళ్లలో తల్లి చేసే పని చూస్తే సంగతి అర్థమవుతుంది. సత్వర చికిత్స కేంద్రం వైద్యారోగ్య శాఖది. భవిత కేంద్రం విద్యాశాఖది. అక్కడ ఫిజియోథెరపిస్టు దొరికేది వారంలో ఒకటో రెండో రోజులు. పింఛను గ్రామీణాభివృద్ధి శాఖది. ఉపకరణాలు దివ్యాంగుల సంక్షేమ శాఖవి. వైకల్య ధ్రువపత్రమిచ్చే సదరం క్యాంపుకు స్లాట్ బుక్ చేసుకోవాలి. నిరామయను ఏటా పునరుద్ధరించుకోవాలి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకత్వం కోసం కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇన్ని శాఖల మధ్య సమన్వయాధికారి ఎవరయ్యా అంటే, బిడ్డను చంకనేసుకుని తిరిగే ఆ తల్లే. ఆ పని ఆమెకు అప్పగించిందెవరు?

ఇక్కడ ఆలస్యమంటే ఒట్టి కాలయాపన కాదు. సీపీలో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు గానీ, దాని ప్రభావం ఒంటిమీద పెరుగుతూ పోతుంది. కండరాలు బిగుసుకుంటాయి, కీళ్లు వంకరపోతాయి, తుంటి ఎముక పక్కకు జరుగుతుంది. ముప్పున్న పసివాళ్లను ఆరు నెలల లోపే గుర్తించే పరీక్షలు ఇప్పుడున్నాయి. కాగితం కోసం తిరిగే ఏడాది, బిడ్డ నడకలోంచి పోయే ఏడాది.

ప్రభుత్వం ఇంటింటికీ వెళ్లలేదంటారా? పోలియో విషయంలో వెళ్లింది. పదిహేనేళ్ల లోపు ఏ బిడ్డకైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే ఆ కబురు పెద్దాసుపత్రి నుంచే కాదు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర్నుంచి కూడా నిఘా అధికారికి చేరింది. పద్నాలుగు రోజుల్లోపు మల నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపారు. 2011 జనవరి 13న హౌరాలో నమోదైన కేసే దేశంలో చివరిది. 2014లో పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. అప్పుడు తల్లి అవగాహన కోసం ఎవరూ ఎదురుచూడలేదు. చచ్చుబడిన కాలికి కారణం పోలియో కాదని తేలాక మాత్రం ఆ బిడ్డ తల్లి సొంత సమస్య అయిపోయింది.

వైద్యుల కొరత ఉంది, నకిలీ సర్టిఫికెట్లూ ఉన్నాయి, కాదనను. కానీ పని ఎంతో లెక్కవేద్దాం. పుట్టే ప్రతి వెయ్యి మందిలో సెరిబ్రల్ పాల్సీ ఇద్దరు ముగ్గురికి వస్తుంది. మైదాన ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద ముప్పై వేల జనాభా. మన జననాల రేటు ప్రకారం అక్కడ ఏటా సుమారు ఐదు వందల మంది పుడతారు. అంటే ఒక్కో కేంద్రానికి ఏడాదికి కొత్తగా వచ్చే సీపీ బిడ్డ ఒక్కరు, మహా అయితే ఇద్దరు. నెలలు నిండకుండా పుట్టినవారూ, పుట్టగానే ఏడవనివారూ నవజాత శిశు విభాగం రికార్డులో ఉంటారు. వాళ్లింటికి ఆశా కార్యకర్త వెళ్తుంది. టీకాల కార్డు ఉంటుంది. 2013 నుంచి బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ తిరుగుతున్నాయి. ఇన్ని రిజిస్టర్లు పెట్టుకుని ఏడాదికి ఒక్క బిడ్డను వెంటపట్టుకుని నడిపించలేమంటే నమ్మేదెలా?

చిత్రమేమిటంటే, తలచుకుంటే ఇంటికి రావడం సర్కారుకు తెలుసు. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో రూ.15 వేల పింఛను తీసుకుంటున్న మంచంపట్టిన వారి ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లాయి, అనర్హులను ఏరడానికి. తప్పు పట్టను. కానీ కాగితం ఉన్నవారిని అనుమానించడానికి ఇంటికొచ్చే డాక్టరు, కాగితం లేని ఆ 71 మంది కోసం ఎందుకు రాడు? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. అధిక సహాయం అవసరమైన వారిని చూసుకునే మనిషికి భత్యం అనే మాట 24వ సెక్షన్‌లో రాసి ఉంది. కేరళ ఆశ్వాసకిరణం పేరుతో నెలకు రూ.600 పథకం పెట్టింది. అది చిన్న మొత్తమే, కానీ చూసుకునే మనిషికీ ఓ పద్దు ఉండాలని ఒప్పుకుంది.

కాబట్టి కొత్త యాప్ వద్దు. నవజాత శిశు విభాగం గడప దాటే రోజే ముప్పున్న ప్రతి బిడ్డకూ ఒక మనిషిని కేటాయించండి. థెరపీ, సర్టిఫికెట్, బడి, పింఛను అన్నిటికీ జవాబు చెప్పాల్సింది ఆ ఉద్యోగి. సదరం వైద్యులు మండలానికి రావాలి, మంచంపట్టిన బిడ్డ ఇంటికి రావాలి. 24వ సెక్షన్ భత్యానికి బడ్జెట్‌లో డబ్బు చూపాలి. 71 అన్న అంకె తమ జిల్లాలో ఎంతకు తగ్గిందో ప్రతి కలెక్టరూ ఏటా ప్రకటించాలి. అది చేతగాని ప్రభుత్వానికి తల్లిదండ్రుల అవగాహన గురించి మాట్లాడే అర్హత లేదు.