మూసీ ఫ్లవ్వా, రివియేరా?

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు నోట్సు పట్టుకుని వచ్చి, "పెదనాన్నా, మూసీ ఏమవుతుంది?" అని అడిగింది. అది ప్రభుత్వాలను అడగాల్సిన ప్రశ్న గదా అనుకున్నాను. తీరా ఆమె అడిగింది ఫ్రెంచి హోంవర్కు.

ఫ్రెంచివాళ్లకు నదికి రెండు మాటలున్నాయట. నేరుగా సముద్రంలో కలిసేది ఫ్లవ్. ఇంకో నదిలో కలిసేది రివియేర్. కృష్ణా గోదావరులు ఫ్లవ్‌లు. మంజీర రివియేర్. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదును చీల్చుకుంటూ పోయి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ కూడా రివియేరే. "ఉపనది అని మనకూ ఉందిగా" అన్నాను. "ఉంది. కానీ మూసీని మనం మామూలుగా నది అనే అంటాం. ఫ్రెంచిలో అయితే మాట ఎంచుకునే ముందే అది చివరికి ఎక్కడికి పోతుందో చూసుకోవాలి" అంది.

డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. పర్యావరణ విధానం ఒక పేపరు, సెకండ్ లాంగ్వేజీ ఫ్రెంచి. ఫ్రాన్సు మీద మోజేమీ లేదు, మార్కులొస్తాయని తీసుకుంది. ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నదీ అందుకే. తెలుగు తీసుకుంటే మార్కులు తెగుతాయన్న భయం మన ఇళ్లలో ఎప్పుడో స్థిరపడిపోయింది. దాని గురించి ఈ శీర్షికలో చాలాసార్లు గొణిగాను, ఇవాళ వదిలేస్తాను. ఇంటర్ మొదటి ఏడాదిలో పర్యావరణ విద్య పరీక్ష కూడా రాసింది. పాసైతే చాలు, మార్కులు మొత్తంలో కలవవు. "ఏం చదివావు అందులో?" అంటే నవ్వింది.

ఆ నవ్వు వెనక పెద్ద కథే ఉంది. 1991 నవంబరులో ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు, పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయాలని చెప్పింది. సినిమా హాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణం మీద స్లైడ్లు ఉచితంగా వేయాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. డిగ్రీ కాలేజీల దాకా ఆ పాఠం సరిగా చేరేసరికి పన్నెండేళ్లు పైనే పట్టింది. హాల్లో స్లైడ్ పడినప్పుడు మనం సమోసా కోసం బయటికి వెళ్లినట్టే, పిల్లలు ఆ పీరియడ్‌లో క్యాంటీన్‌కు వెళ్తున్నారు.

పర్యావరణం, ఫ్రెంచి అనే ఈ రెండు 'తేలిక' పేపర్లనూ పక్కపక్కన పెట్టి చదివితే బరువు తెలుస్తుందని నా నమ్మకం. ఫ్లవ్, రివియేర్ సంగతే చూడండి. ఫ్రాన్సు 1964 డిసెంబరులో నీటి చట్టం చేసింది. జిల్లాల సరిహద్దులు, ప్రాంతాల సరిహద్దులు పక్కన పెట్టి, నీళ్లు ఎటు పారుతున్నాయో దాన్నిబట్టి దేశాన్ని ఆరు పరీవాహక మండలాలు చేసి, ఒక్కోదానికి ఒక ఏజెన్సీని పెట్టింది. నీళ్లు తోడుకునేవాడు రుసుము కట్టాలి, మురికి వదిలేవాడూ కట్టాలి. ఆ డబ్బు ఆ నీళ్ల బాగు కోసమే వాడాలి. లెక్కలు తేల్చే కమిటీలో పురపాలకులు, రైతులు, పరిశ్రమలవాళ్లు కలిసి కూర్చుంటారు. అక్కడ అంతా బాగైపోయిందని నేననడం లేదు. మురుగు దిగువకు పోయినా లెక్క మాత్రం అదే కమిటీ ముందుంటుంది, అంతే.

మనదగ్గర? మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర కృష్ణే రెండు రాష్ట్రాలకు హద్దు. ఇవతలి గట్టుకు ఒక కాలుష్య నియంత్రణ మండలి, అవతలి గట్టుకు ఇంకోటి. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికిచ్చిన 811 టీఎంసీల సంఖ్య మన దగ్గర టీకొట్టులో కూడా నోటికి వస్తుంది. అందులో ఎవరికెంత అన్న తగవు ఇంకా నడుస్తూనే ఉంది. ఆ నీళ్లలో రాజధాని కడిగిన నీళ్లెన్ని అన్న తగవు మాత్రం ఇంతవరకు అంత జోరుగా వినలేదు.

నేనూ ఆమెకొక మాట చెప్పాను. 2015 నాటి పారిస్ ఒప్పందం 8వ అధికరణం, వాతావరణం మారి జరిగే నష్టాల గురించి. ఇంగ్లీషు ప్రతిలో 'లాస్ అండ్ డ్యామేజ్'. ఫ్రెంచి ప్రతిలో 'పెర్త్ ఎ ప్రెజ్యుదిస్'. ఈ ప్రెజ్యుదిస్ కోర్టు వాసన ఉన్న మాట; ఒకడి వల్ల ఇంకొకడికి హాని జరిగి, పరిహారం అడిగేచోట ఫ్రెంచి లాయర్లు వాడేది. ఆరు భాషల ప్రతులూ సమానంగా ప్రామాణికమని 29వ అధికరణం. ఇటువైపు చూస్తే, ఒప్పందంతోపాటు ఆమోదించిన నిర్ణయంలో 51వ పేరా ఉంది: 8వ అధికరణం ఆధారంగా బాధ్యత గానీ పరిహారం గానీ అడగడానికి వీల్లేదని సంపన్న దేశాలు పట్టుబట్టి రాయించుకున్నాయి. మనకైతే 'నష్టం' అనగానే 'పరిహారం' దానంతటదే నోటికొస్తుంది. తెలుగు ఆ ఆరు భాషల్లో లేకపోవడం వాళ్ల అదృష్టం.

రెండేళ్ల ఫ్రెంచితో ఒప్పందాలు చదివేయగలరా అంటే చదవలేరు. ఎనభైని 'నాలుగిరవైలు' అనడం దగ్గరే సగం క్లాసు తికమకపడుతోందట. మా నాయనమ్మ డబ్బు అలాగే లెక్కపెట్టేది, ఆమెకు పాఠం అక్కర్లేకపోయేది. కానీ రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని, ఫలానా మాట ఫలానా మాటతో అతకడం లేదని పట్టుకునే చూపు ఆ రెండేళ్లలో వస్తుంది. విధానం చదివే పిల్లకు కావలసింది అదే. ఆ చూపు వస్తే తెలుగులోనూ పనికొస్తుంది. ఏరు, వాగు, వంక అని ఇన్ని పేర్లు పెట్టుకున్నవాళ్లం, నగరంలో వాగును నాలా అనడం మొదలుపెట్టాక అందులో చెత్త వెయ్యడానికి ఎవరికీ చెయ్యి వణకలేదు.

ఆమె రోజూ కాలేజీకి మూసారాంబాగ్ వంతెన మీదుగా వెళ్తుంది. ఆ పేరులోనే ఒక ఫ్రెంచివాడున్నాడు: నిజాం కొలువులో సేనాని, 1798లో పోయిన మొస్యో రేమోఁ. మన నోళ్లలో పడి 'మూసారాం' అయ్యాడు. హోంవర్కులో రెండో ప్రశ్న, మీ ఊరి నదిని అయిదు వాక్యాల్లో వర్ణించండి. నీళ్లు నీలంగా, పచ్చగా ఉన్నాయని చెప్పడానికి పాఠంలో మాటలున్నాయి. నదిమీద తేలే తెల్లటి నురగకు మాట లేదు. ఫోనులో వెతికింది.

"మూస్" అంది. "బేకరీలో చాక్లెట్ మూస్ తింటామే, ఆ మాటే."