తేటనీరంతా మంచినీరేనా?

"మా ఇంట్లో ఫిల్టరు ఉంది మాస్టారూ, మాకేం భయం?" అంటారు మా తరగతి పిల్లలు. అందులో ఏముందని అడిగితే "నల్లని బొగ్గు" అంటారు. బొగ్గు గొప్పదే. కాని దానికి చేతకాని పనులూ ఉన్నాయి. అవి తెలుసుకోకుండా నీళ్లు తాగడం మంచిది కాదని నా అభిప్రాయం.

పిల్లలూ! మీ మాస్టారి ఎదుట ఈ ప్రయోగం చేయండి. గ్లాసు నీటిలో చెంచా ఉప్పు, రెండు చుక్కల నీలం సిరా కలపండి. ప్రయోగశాలలోని ఉత్తేజిత బొగ్గు పొడి రెండు చెంచాలు వేసి, పది నిమిషాలు కలియబెట్టి, వడపోత కాగితంతో వడకట్టండి. రంగు పోయి నీరు తేటపడుతుంది. కాని తాగకండి! ఆ నీటిని కొద్దిగా పింగాణీ గిన్నెలో పోసి, ఇగిరేదాకా వేడిచేయండి. అడుగున తెల్లగా ఉప్పు మిగులుతుంది. రంగును పట్టిన బొగ్గు ఉప్పును ఎందుకు వదిలింది?

కొబ్బరి చిప్పల బొగ్గు మీదుగా సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నీటి ఆవిరిని పంపుతారు. ఆవిరి కర్బనాన్ని తొలిచి, కంటికి కనిపించని లెక్కలేనన్ని రంధ్రాలు చేస్తుంది. ఇదే ఉత్తేజిత బొగ్గు. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడల వైశాల్యం సుమారు 1000 చదరపు మీటర్లు. అంటే ఏడు కబడ్డీ కోర్టులకు పైమాటే! రంగులు, పురుగు మందులు, దుర్వాసన కలిగించే కర్బన పదార్థాలు ఈ గోడలకు అంటుకుంటాయి. దీనిని అధిశోషణం అంటారు. ఈ పదార్థాలలో చాలావాటికి నీటితో పొత్తు తక్కువ, బొగ్గుతో ఎక్కువ. ఉప్పు అయాన్లను మాత్రం నీటి అణువులు చుట్టుముట్టి గట్టిగా పట్టుకుంటాయి. అందుకే అవి బొగ్గుకు చిక్కవు.

ఫ్లోరైడ్ కూడా సాధారణ బొగ్గుకు దాదాపు చిక్కదు. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. నల్లగొండ ప్రాంతంలో ఎందరి ఎముకలనో వంచిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. దానిని తొలగించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లో వాడేవి పటిక, సున్నం.

మరొక సంగతి. గోడలన్నీ నిండిపోయాక బొగ్గు పనిచేయదు. నీటిలోని క్లోరిన్‌ను కూడా బొగ్గు తీసివేస్తుంది కనుక, మార్చకుండా వదిలేస్తే అందులోనే సూక్ష్మజీవులు పెరగవచ్చు.

కాబట్టి ముందు నీటిని పరీక్ష చేయించాలి, ఆ తరువాతే ఫిల్టరు ఎంచుకోవాలి. రోగమేదో తెలియకుండా మందు కొంటామా? ఈ రోజే మీ ఇంటి ఫిల్టరులో బొగ్గు ఎప్పుడు మార్చారో అమ్మానాన్నలను అడగండి. ఆ తేదీని దానిమీద రాసి అతికించండి.