టోటల్ లాస్ సంగతి ఆర్‌సీలో ఎందుకు ఉండదు?



సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు, ఆ బండికి ఒకప్పుడు బీమా కంపెనీ టోటల్ లాస్ కింద డబ్బు చెల్లించిందా లేదా అన్నది ఆర్‌సీ చూసి తెలుసుకోలేం. అమ్మేవాడు తనంతట తాను నోరు విప్పాలి. ఇది అన్యాయం. దీన్ని సరిదిద్దే పని మన పుదుచ్చేరిలోనే మొదలుకావాలని నా విన్నపం.

ఇక్కడే ఎందుకంటే, 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను మన దగ్గరే తీరం దాటింది. ఒక్క రోజులో దాదాపు 48 సెంటీమీటర్ల వాన పడింది. కృష్ణానగర్‌లో జనాన్ని బయటికి తేవడానికి సైన్యం రావాల్సి వచ్చింది. అంతకు మూడు నెలల ముందు బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగింది. 2015లో చెన్నై మునిగింది. ఆ నీళ్లలో నానిన కార్లన్నీ తుక్కుకు పోయాయని ఎవరైనా అనుకుంటే పొరపాటే.

మన మోటారు పాలసీల ప్రకారం మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి ప్రకటించిన బీమా విలువలో) 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. యజమానికి డబ్బు ముడుతుంది, బండి సాల్వేజ్‌గా వేలానికి పోతుంది. పాడుకున్నవాళ్లు షెడ్డులో పెట్టి బాగుచేసి, అదే నంబరుతో, అదే ఆర్‌సీతో మళ్లీ అమ్మకానికి పెట్టొచ్చు. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ఉంది కదా అంటారు. బండి నాశనమైతే, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోతే యజమాని 14 రోజుల్లో తెలియజేయాలని, రిజిస్ట్రేషన్ రద్దుచేయాలని అది చెబుతుంది. కానీ టోటల్ లాస్ అనేది డబ్బు లెక్క. బండి చచ్చిందనీ కాదు, బాగుందనీ కాదు. ఈ మధ్యరకం బండికి ఆర్‌సీలో గడి లేదు. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బీమా గడువు కనిపిస్తుంది, పాత క్లెయిముల ఊసు కనిపించదు.

మా అక్క కొడుకు యానాం నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి, పోయినేడు ఒక చిన్న కారు కొన్నాడు. పెయింటు తళతళలాడుతోంది, సీటు కవర్లు కొత్తవి. నాలుగు నెలలకే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగడం మొదలైంది. మెకానిక్ సీటు ఊడదీస్తే కింద పట్టాలు, బోల్టులు ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. స్టెప్నీ గుంటలో ఎండిన ఒండ్రు. సీటు బెల్టు చివరిదాకా లాగితే అడ్డంగా మట్టి చార. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ చారే చెప్పింది. కనెక్టర్లలో పచ్చగా చిలుము. ప్రమాదం జరిగితే ఆ ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటుందని ఎవరు పూచీ ఇస్తారు? అమ్మినాయన్ని అడిగితే ‘మీరు అడగలేదు కదా’ అన్నాడు.

ఆ మాటకు చట్టంలో ఆధారం ఉండటమే బాధ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది: గుర్రం బాగాలేదని తెలిసీ చెప్పకుండా వేలంలో అమ్మితే అది మోసం కిందికి రాదు. ఉత్త మౌనం మోసం కాదన్నమాట. గుర్రాన్ని నడిపించి, పళ్లు పట్టి చూసి కొనేవారు. కారు వైరింగు లోపల చిలుము పట్టిందో లేదో కొనేవాడు ఎలా చూస్తాడు?

షెడ్డుల వాళ్ల పొట్ట కొట్టొద్దని కొందరంటారు. నేనూ కొట్టమనను. రెండు లక్షల ఐడీవీ ఉన్న పాత బండికి డోర్లు, బానెట్, బంపరు మారిస్తేనే లక్షన్నర దాటొచ్చు. అదీ టోటల్ లాసే, కానీ బాగుచేస్తే హాయిగా తిరుగుతుంది. అలాంటి బండిని ఉన్నమాట చెప్పి తక్కువ ధరకు అమ్మితే ఇద్దరికీ మేలే. బ్రిటన్‌లో 2017 నుంచి ఇలాంటి బండ్లను నాలుగు తరగతులు చేశారు. ఎ, బి తరగతులవి మళ్లీ రోడ్డెక్కకూడదు. ఎస్ అంటే చట్రానికి దెబ్బ, ఎన్ అంటే చట్రానికి తగలని దెబ్బ. ఈ రెండూ బాగుచేసి నడపొచ్చు. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయలేం?

ఇంకో ప్రమాదం ఉంది. టోటల్ లాస్ బండి కాగితాలు కొని, దాని ఛాసిస్ నంబరును దొంగిలించిన కారు మీద చెక్కే ముఠాలను ఉత్తరాదిలో పోలీసులు పట్టుకున్నారు. క్లెయిము చెల్లించిన రోజే ఆర్‌సీ రికార్డులో ఆ సంగతి ఎక్కితే ఆ కాగితాలకు అంత గిరాకీ ఉండదు.

సమాచారం లేక కాదు. క్లెయిము చెల్లించిన ప్రతి కంపెనీ దగ్గరా ఆ లెక్క ఉంది. దాన్ని ‘వాహన్’ అనే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ రికార్డుకు కలిపే నియమం కేంద్రం తేవాలి. ఈలోగా మన రవాణా శాఖ, యాజమాన్య మార్పిడికి ఇచ్చే 29, 30 ఫారాలతో పాటు ‘ఈ బండికి టోటల్ లాస్ క్లెయిము అందిందా’ అన్న ప్రశ్నకు అమ్మేవారి సంతకంతో జవాబు అడగాలి. అబద్ధమని తేలితే ఇక ‘మీరు అడగలేదు’ అనే వీలుండదు.

పాఠకులకు ఒక మాట. అదే 17వ సెక్షన్‌లో మరో ఉదాహరణ ఉంది: ‘కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అని కొనేవాడు అన్నాక కూడా అమ్మేవాడు మాట్లాడకపోతే, ఆ మౌనం చెప్పినట్టే లెక్క. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే టోటల్ లాస్ సంగతి వాట్సాప్‌లో రాసి అడగండి. జవాబు వచ్చేదాకా డబ్బు ఇవ్వకండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
లాస్‌పేట, పుదుచ్చేరి