చూచే పిల్లలు, చేసే పిల్లలు



పల్లెల్లో తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, పిల్లవాడు ఫోను వదలడం లేదు. లాక్కుంటే అన్నం తినడు, ఇస్తే పుస్తకం తీయడు. ఏం చేయమంటారు?" కొందరు ఫోనును బీరువాలో పెట్టి తాళం వేస్తారు. కొందరు విసిగి వదిలేస్తారు. ఈ నెల మనము మరియొక మార్గమును ఆలోచిద్దాము. పిల్లలు తెరను ఎంతసేపు చూస్తున్నారన్నది ముఖ్యమే. అయితే ఆ తెరతో వారు ఏమి చేస్తున్నారన్నది అంతకంటె ముఖ్యము. ఇతరులు చేసినది చూడటం ఒక సంగతి, తానే ఒకటి చేసి ఇతరులకు చూపించడం వేరొక సంగతి.

గోడకు తగిలించిన పటము మనము వచ్చినా, పోయినా మారదు. కాని మనిషి కదలికనుబట్టి మారే చిత్రములు కూడా ఉన్నవి. 1999లో కమిల్ అటర్‌బ్యాక్, రోమీ అకిటవ్ అను ఇద్దరు కళాకారులు 'టెక్స్ట్ రెయిన్' అనే దానిని తయారుచేశారు. దాని పేరుకు అక్షరాల వాన అని అర్థము. పెద్ద తెర ముందు మనిషి నిలబడితే అతని రూపమే తెరమీద కనబడుతుంది. పైనుండి అక్షరములు చినుకుల్లా రాలుతూ అతని భుజముమీద, చాచిన చేతులమీద నిలుస్తాయి. తగినన్ని నిలిస్తే ఒక పదమో, ఒక వాక్యమో చదవవచ్చు. ఇందులో మాయ లేదు. ఎక్కడ వెలుగున్నదో, ఎక్కడ నీడున్నదో కెమెరా చూస్తుంది. నీడ తగిలినచోట అక్షరము ఆగాలని కంప్యూటరుకు ముందే ఆజ్ఞ ఇచ్చియున్నారు, అంతే. తోలుబొమ్మలాటకు పేరుపొందిన నిమ్మలకుంట కళాకారులు దీపము, తెర, నీడలతో చేసే పనికి ఇది దూరపు చుట్టమే. ఇక్కడ బొమ్మా చూచేవాడే, ఆడించేవాడూ చూచేవాడే.

ఇట్టి ఆజ్ఞలు వ్రాయడం పెద్ద చదువులవారికే సాధ్యమని మనము తలంచుతాము. అది నిజము కాదు. 1967లోనే అమెరికాలో సీమోర్ పాపర్ట్, వాలీ ఫ్యూర్జీగ్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కొరకు 'లోగో' అనే కంప్యూటరు భాషను రూపొందించారు. అందులో ఒక తాబేలు ఉంటుంది. 'ముందుకు 100 అడుగులు, కుడికి 90 డిగ్రీలు' అని నాలుగు సార్లు చెబితే అది చతురస్రము గీస్తుంది. యంత్రము పిల్లవాణ్ని నడిపించకూడదు, పిల్లవాడే యంత్రమును నడిపించాలి అన్నది పాపర్ట్ పట్టుదల.

మన తల్లులు రోజూ వాకిట్లో చేసేది ఇదే కదా! ఇన్ని చుక్కలు, ఇన్ని వరుసలు, ఇక్కడ వంపు, అక్కడ మలుపు, మరల అదే నాలుగు వైపులా. అది ఆజ్ఞల వరుసయే. ఈ సంగతిని మన పొరుగున మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ శిరోమణి గారు గుర్తించారు. 1974లో ఆయన, రాణి శిరోమణి, కమల కృతివాసన్ గార్లతో కలిసి, తమిళ నాట 'కోలం' అనే ముగ్గులకును కంప్యూటరు వ్యాకరణమునకును గల సంబంధముపై పరిశోధనా వ్యాసము ప్రచురించారు. కనుక నీకేమి తెలుసునని మనమడు నాయనమ్మను అడుగనక్కరలేదు. అతని పాఠములో మొదటి మెట్టు ఆమె చేతివ్రేళ్లలోనే ఉన్నది.

లోగో వెలుగులో మిచెల్ రెస్నిక్ బృందము అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ నుండి 2007లో 'స్క్రాచ్' ను విడుదల చేసింది. ముఖ్యముగా 8 నుండి 16 ఏండ్ల వారికై చేసినది. ఆజ్ఞలన్నీ రంగురంగుల దిమ్మెలుగా ఉంటాయి. ఇటుకమీద ఇటుక పేర్చినట్లు పేర్చాలి. దీనికి రుసుము లేదు. ఒకసారి కంప్యూటరులో దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. చిన్న ఫోను తెరపై సరిగా సాగదు గనుక కంప్యూటరు గాని, టాబ్లెట్ గాని కావాలి. కెమెరా ఉన్నయెడల, పిల్లలు తాము గీసిన మామిడిచెట్టు ముందు చెయ్యి ఊపగానే కాయలు రాలేటట్లు చేయవచ్చు.

2012లో జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్ 'మేకీ మేకీ' అనే చిన్న పలకను తెచ్చారు. దాని తీగలను తడిమట్టికో, పెన్సిలుతో దట్టముగా దిద్దిన గీతకో తగిలిస్తే అవి కంప్యూటరు మీటలవుతాయి. పిల్లవాడు ఒక చేత ఎర్త్ తీగ పట్టుకొని మరొక చేత ఆ మట్టిని తాకితే, అతిస్వల్పమైన విద్యుత్తు అతని దేహముగుండా సాగి వలయము పూర్తవుతుంది, శబ్దము వస్తుంది. ఐదుగురు చేతులు పట్టుకొని నిలబడి, ఒక కొసన ఉన్నవాడు తీగను, మరో కొసన ఉన్నవాడు మట్టిని పట్టుకున్నా అదే జరుగుతుంది. మధ్యలో ఒకరు చెయ్యి వదిలితే వలయము తెగిపోతుంది. ఐతే ఇది కంప్యూటరు ఇచ్చే స్వల్ప విద్యుత్తుతోనే చేయదగినది. గోడకున్న ప్లగ్గు దగ్గర ఇట్టి ఆటలు ప్రాణాపాయమని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

నేర్పేవారికి మూడు మాటలు.

మొదటిది: కంప్యూటరు ముట్టకముందు వాకిట్లో ఆడించండి. ఒకరు తాబేలు, మరొకరు ఆజ్ఞ ఇచ్చేవారు. తాబేలు పోయి గోడకు తగిలితే ఆజ్ఞను దిద్దాలి గాని పిల్లవాణ్ని గద్దించకూడదు. తప్పును భయం లేకుండా వెదకి దిద్దుకోవడమే ఈ విద్యలో సగము.

రెండవది: ఒక్క కంప్యూటరే ఉంటే పది నిమిషాలకొకసారి చేతులు మార్పించండి. లేనియెడల చొరవగల మగపిల్లవాడు మౌసు పట్టుకొని కూర్చుంటాడు, ఆడపిల్ల వెనుక నిలబడి చూస్తుంది. ఇంట్లోను, బడిలోను జరుగుతున్నది ఇదే కాదా?

మూడవది: చివర తల్లిదండ్రులను పిలిచి చూపించండి. కూలికి పోయి వచ్చిన తల్లి తన బిడ్డ చేసినదానిని చెయ్యి ఊపి ఆడించాలి. ఆ సంతోషమునకు ఏ మార్కులు సాటిరావు.

వీటికి వేలకు వేలు ఫీజు కట్టి అప్పులపాలు కావద్దు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు దేశములో 10 వేలకు పైగా పాఠశాలలకు వచ్చాయి. 6 నుండి 12 తరగతుల పిల్లలకై, ఒక్కొక్క దానికి 20 లక్షల రూపాయల వరకు సహాయమున్నది. మీ బడిలో అట్టి గది ఉన్నదా, దాని తాళము తీస్తున్నారా అని వెళ్లి అడగండి. ఇది నేర్చుకుంటే ఉద్యోగము ఖాయమని ఎవరైనా చెబితే నమ్మకండి. పిల్లల ముఖములున్న చిత్రములను నలుగురికీ పంపవద్దు.

ఈ కళ ఎంత దూరము పోగలదో ఒక్క సంగతి చెబుతాను. లాస్ ఏంజిలిస్ నగరములో టోనీ క్వాన్ గోడలపై అక్షరచిత్రములు వేయడములో పేరుపొందినవాడు. 2003లో అతనికి ఏ.ఎల్.ఎస్. అనే నరముల వ్యాధి అని తేలింది. క్రమముగా దేహమంతా చచ్చుబడి కన్నులు మాత్రమే కదిలే స్థితికి వచ్చాడు. 2009లో కొందరు కళాకారులు, ప్రోగ్రాములు వ్రాసేవారు కూడి, మామూలు కళ్లజోడుకు చవక కెమెరా అమర్చి, కంటిపాప కదలికతో గీతలు గీసే సాధనము తయారుచేశారు. అతడు మంచముమీదనుండే మరల బొమ్మ గీశాడు. ఆ సాధనము చేసే విధమును వారు అమ్ముకొనలేదు, అందరికీ ఉచితముగా ఇచ్చారు.

మన వీధిలోనూ మంచముపట్టిన తాత ఉన్నాడు, మాట రాని పిల్ల ఉన్నది. వారి కొరకు ఏమి చేయగలమని ఆలోచించే బిడ్డ, గంటల తరబడి ఇతరుల ఆటలు చూస్తూ కూర్చున్నంతమాత్రాన తయారు కాడు. ఈ సెలవుల్లో బీరువా తాళము తీయండి. అయితే ఫోను చేతికిచ్చి వెళ్లిపోకండి, ప్రక్కన కూర్చొని "ఏమి చేద్దాము?" అని అడగండి.