సూరత్‌లో కొండలు లేవు, చైను మాత్రం అరుగుతుంది

సూరత్ అరచేయిలా చదునుగా ఉంటుంది. కొండ చూడాలంటే డాంగ్ అడవుల్లోంచి సాపుతారా దాకా వెళ్లాలి. అయినా మా కాలనీ సైకిల్ స్టాండులో సగం సైకిళ్ల మీద ‘మౌంటెన్’ అని రాసి ఉంటుంది. ఈమధ్య వాటిలో బ్యాటరీవి కూడా చేరాయి. లావు టైర్లు, ముందు షాకబ్జర్లు, వెనుక చక్రంలో మోటారు, ఏడు గేర్లు. డుమాస్ రోడ్డు మీద ఎదురుగాలి ఉన్నా హాయిగా పోతాయి. వాటి మీద మాకేం కోపం లేదు. మా నలుగురిలో ఒకరికి అలాంటిదే ఉంది, మిగతా ముగ్గురం వంతులేసుకుని తొక్కుతాం కూడా.

మాకు నచ్చనిది ఒక మాట. చైను జారినా, గేరు పడకపోయినా, ఎక్కడో టకటక మన్నా ఇప్పుడు అందరూ చెప్పేది ఒక్కటే: “అప్‌గ్రేడ్ చేయించు.” మేం దానికి ఎదురు చెబుతున్నాం. ముందు ఉన్నదాన్ని బాగుచేయడం నేర్చుకోవాలి. అది బడిలోనే నేర్పాలి. మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారే మనలాంటి ఇళ్ల పిల్లలకు ఇది మరీ అవసరం.

ఎందుకంటున్నామో చెబుతాం. మా దగ్గరున్న బ్యాటరీ సైకిల్ పన్నెండో తరగతి అన్న ఒకరిది. వాళ్ల నాన్నగారికి అస్సాం బదిలీ అయితే, అంత దూరం మోసుకెళ్లలేక తక్కువ ధరకు ఇచ్చి వెళ్లాడు. అంతకుముందు అది విశాఖపట్నం నుంచి సామాన్ల కంటైనర్‌లో సూరత్ వచ్చింది. అక్కడ సింహాచలం దారిలో ఎత్తులు ఎక్కిన సైకిల్ అట. ఇక్కడికొచ్చాక ఫ్లైఓవర్ ఎక్కమన్నా మొరాయించేది. గట్టిగా తొక్కితే చైను టక్కున ఒక పన్ను దాటేది. మూడో గేరు వేస్తే నాలుగులో పడేది, నాలుగు వేస్తే రెండింటి మధ్య గిలగిల కొట్టుకునేది.

పెద్ద దుకాణంలో చూపిస్తే, మోటారు బలానికి ఈ చైను ఆగదు, తొమ్మిది గేర్ల సెట్టు వేయాలి, 11,000 రూపాయలు అవుతుంది అన్నారు. నిజమే కాబోలు అనిపిస్తుంది. కానీ ఫిజిక్స్ పీరియడ్‌లో నేర్చుకున్నది కాస్త గుర్తుచేసుకుంటే ఆ మాట నిలబడదు.

బ్యాటరీ సైకిళ్లలో మోటారు రెండు చోట్ల ఉండవచ్చు. ఒకటి పెడళ్ల దగ్గర. అప్పుడు మోటారు బలం, కాళ్ల బలం రెండూ చైను మీదుగానే వెనక్కి వెళ్లాలి. మామూలు మనిషి గంటసేపు తొక్కితే కాళ్లు ఇచ్చేది 100 వాట్లకు అటూ ఇటూ. దానికి 250 వాట్ల మోటారు తోడైతే ఆ చైను తొందరగా అరుగుతుందనడంలో వింత లేదు. రెండోది వెనుక చక్రం నడిమధ్యలో. మన దగ్గర మామూలు ధరలో దొరికేవి ఎక్కువగా ఈ రకమే. ఇందులో మోటారు నేరుగా చక్రాన్నే తిప్పుతుంది, దాని బలం చైను దాకా రానే రాదు. కాళ్లు ఆపితే చైను ఊరుకుంటుంది, చక్రం మాత్రం తిరుగుతుంది. మరి మోటారు వల్ల చైను జారడం ఎలా కుదురుతుంది?

లింబాయత్‌లో ఒక చిన్న షాపు ఉంది. ఆ వైపు మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కువగా తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలీలు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుందంటే వాళ్ల పిల్లల కోసమే. ఆ షాపాయనా తెలుగాయనే. మేం ఆయన్ను కాకా అంటాం. గుజరాతీలోనూ తెలంగాణలోనూ కాకా అంటే బాబాయే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. పెద్ద దుకాణం మాట చెబితే కాకా నవ్వాడు. “మోటరుకు చైనుకు ఏం సంబంధం బిడ్డా? ముందుగాల కొలువుండ్రి” అన్నాడు.

కొలవడానికి ప్రత్యేకమైన పనిముట్టు ఏదీ అక్కర్లేదు. మన 30 సెంటీమీటర్ల స్కేలు రెండో అంచు మీద 12 అంగుళాలు ఉంటాయి. అదే చాలు. సైకిల్ చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు సరిగ్గా అర అంగుళం. కొత్త చైనులో ఒక పిన్ను దగ్గర సున్నా పెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. అది గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిగితే చైను అర శాతం సాగినట్టు, మార్చే సమయం వచ్చినట్టు. 3 మిల్లీమీటర్లు జరిగితే ఒక శాతం. అప్పటికి వెనుక పళ్ల చక్రాలు కూడా ఆ సాగిన చైనుకు తగ్గట్టు అరిగిపోతాయి. వాటి మీద కొత్త చైను వేసినా జారుతుంది, అన్నీ మార్చాల్సి వస్తుంది. అంటే వేళకు కొలిస్తే ఒక చైనుతో పోతుంది, కొలవకపోతే మొత్తం సెట్టు. చైను సాగడం అంటాం గానీ ఇనుము నిజంగా సాగదు. ప్రతి పిన్ను చుట్టూ కొద్దికొద్దిగా అరుగుతుంది, ఆ ఖాళీలన్నీ కలిసి పొడవుగా కనిపిస్తాయి.

మాది 2 మిల్లీమీటర్లు దాటింది. చైను మార్చాలి, పళ్లు ఇంకా బాగానే ఉన్నాయి.

సూరత్‌లో చైను అరగడానికి కొండలు అవసరం లేదు. సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు ఉంటుంది. వేసవి సెలవులకు ఊరెళ్లి జూన్‌లో తిరిగొచ్చేసరికి చైను ఎర్రబడి ఉంటుంది, ఆ వెంటనే వానలు. ఆదివారం డుమాస్ బీచ్‌కి వెళ్తే అక్కడి నల్ల ఇసుక చైను నూనెకు అంటుకుంటుంది. నూనె, ఇసుక కలిస్తే అది ఆకురాయితో సమానం. పాత బనియన్ గుడ్డతో తుడిచి, ఒక్కో కీలు మీద ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయడం పది నిమిషాల పని. ఆ చివరి తుడుపే ముఖ్యం, చాలామంది అదే వదిలేస్తారు. ఇంకొక సంగతి: బ్యాటరీ సైకిల్ చైను ముట్టుకునే ముందు స్విచ్ ఆపి బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. పెడల్ తిప్పగానే మోటారు లేస్తే వేళ్లు పోతాయి.

ఇక గేర్లు తప్పు పడటం. దీనికి కారణం బదిలీయే అని మా నమ్మకం. వెనుక చక్రం పక్కన చైనును అటూ ఇటూ జరిపే చెయ్యి ఉంటుంది కదా, డిరైలర్ అంటారు. అది ఫ్రేముకు నేరుగా ఉండదు, హ్యాంగర్ అనే చిన్న ముక్కకు వేలాడుతుంది. దెబ్బ తగిలితే ఫ్రేము విరగకుండా తానే వంగేలా దాన్ని మెత్తగా చేస్తారు. కంటైనర్‌లో సైకిల్‌ను కుడివైపు పడుకోబెట్టి, మీద మంచమో బీరువానో ఆనించారంటే హ్యాంగర్ వంగినట్టే. కంటికి కనిపించనంత వంగినా గేర్లన్నీ తప్పుతాయి. కాకా ఒక పాత వెనుక చక్రం ఇరుసును హ్యాంగర్ రంధ్రంలో బిగించాడు. రెండు చక్రాలు పక్కపక్కన నిలబడ్డాయి. వాటి మధ్య దూరం పైన ఎక్కువ, కింద తక్కువ. ఆ చక్రాన్నే పట్టుకుని మెల్లగా లాగి, దూరం అంతటా సమానం అయ్యేదాకా సరిచేశాడు. జామెట్రీలో సమాంతర రేఖలు ఎందుకు చెప్తారో మాకు ఆరోజు బాగా అర్థమైంది. చైను, గేరు తీగ, హ్యాంగర్ సరిచేసిన కూలి అన్నీ కలిపి 640 రూపాయలు.

దుకాణాలను తిట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్లూ బతకాలి. కొన్ని మార్పులు నిజంగా అవసరం కూడా. బ్యాటరీ సైకిల్ బరువు ఎక్కువ కాబట్టి బ్రేకు ప్యాడ్లు మంచివి వేయించాలి. గుబ్బల టైర్లు సూరత్ తారురోడ్డు మీద మోత పెట్టి బ్యాటరీ తింటాయి. అవి అరిగాక నున్నటివి వేసుకుంటే మంచిది. మడ్‌గార్డులు వెంటనే పెట్టించాలి. కానీ గేర్ల సెట్టు అలా కాదు. ఏడు గేర్ల నుంచి తొమ్మిదికి వెళ్తే చైను సన్నబడుతుంది, వెనుక పళ్ల చక్రాలు, డిరైలర్, హ్యాండిల్ మీది షిఫ్టర్ అన్నీ మారాలి. మోటారు చక్రానికి మర ఉన్న ఫ్రీవీల్ ఉంటే కొత్త రకం పళ్ల సెట్టు దాని మీద కూర్చోదు కూడా. అదే 6, 7, 8 గేర్లకు పట్టే చైను ఒక్కటే. పెద్ద ఊళ్లోనే కాదు, చిన్న చిన్న పట్టణాల సైకిల్ షాపుల్లోనూ అడగవచ్చు. వచ్చే ఏడాది ఏ ఊళ్లో ఉంటామో తెలియని మనకు, ఎక్కడైనా దొరికే చైనే గొప్ప చైను.

ఒక్క వస్తువు మాత్రం ఎక్కడపడితే అక్కడ దొరకదు. అది హ్యాంగర్. ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది. సైకిల్ కొన్నప్పుడే ఒకటి అదనంగా కొని సీటు కింద సంచిలో పెట్టుకోండి. బదిలీ ఆర్డర్ వచ్చాక సామాన్లవాళ్లు రాకముందే చైనును వెనుక అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం మీదకు మార్చండి. అప్పుడు డిరైలర్ లోపలికి జరిగి దాక్కుంటుంది. సైకిల్‌ను ఎడమవైపు పడుకోబెట్టమని పట్టుబట్టండి. బ్యాటరీని విమానంలో తీసుకెళ్దాం అనుకోవద్దు. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ అంటే 360 వాట్ అవర్. ప్రయాణికుల విమానంలో 160 దాటితే ఎక్కనివ్వరు.

అప్‌గ్రేడ్ పేరుతో ఇంకొకటి జరుగుతోంది. వేగాన్ని ఆపే తీగను కత్తిరించడం, 250 వాట్ల చోట పెద్ద మోటారు పెట్టడం. మన దేశ నిబంధనల్లో మోటారు శక్తి 250 వాట్ల లోపే ఉండి, 25 కిలోమీటర్ల వేగానికి మోటారు ఆగిపోతేనే అది సైకిల్. అది దాటితే మోటారు వాహనం. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, లైసెన్సు అన్నీ కావాలి. లైసెన్సు వయసు రాని మనం అలాంటిది తొక్కుతూ ఎవరినైనా గుద్దితే జవాబు చెప్పాల్సింది అమ్మానాన్నలు. ఆ అప్‌గ్రేడ్‌ను మేం స్నేహితులకు కూడా వద్దనే చెబుతాం, వాళ్లు అలిగినా సరే.

“మోటారు పోయింది” అన్న కేసు కూడా ఒకటి చూశాం. మా పక్క బ్లాకు చెల్లి సైకిల్. మోటారు అసలు లేవడం లేదు. ఇలాంటి సైకిళ్లలో బ్రేకు పట్టగానే మోటారు ఆగేలా బ్రేకు పిడిలో చిన్న స్విచ్ ఉంటుంది. ఆ పిడి తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి రావడం లేదు. పాపం ఆ మోటారు, బ్రేకు ఇంకా పట్టుకునే ఉన్నారనుకుని ఊరుకుంది. రెండు చుక్కల నూనెతో లేచింది.

ఇదంతా మాకు కాకా పుణ్యమా అని తెలిసింది. కాకా లేని ఊళ్లో ఉన్నవాళ్ల సంగతేమిటి? అందుకే బడి అంటున్నాం. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల వాళ్లకు 10 బ్యాగు లేని రోజులు చెప్పారు. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలన్నారు. అందులో ఒక్క రోజు సైకిల్ మెకానిక్‌కు ఇస్తే తప్పేమిటి? అటల్ టింకరింగ్ ల్యాబులున్న విద్యాలయాల్లో త్రీడీ ప్రింటర్ ఉంటుంది, రోబోట్ కిట్ ఉంటుంది. మంచిదే. కానీ రోజూ బడికి తొక్కుకొచ్చే యంత్రం గేటు బయట తుప్పు పడుతుంటే లోపల రోబోట్ చేయడం మాకు కొంచెం విడ్డూరంగా ఉంది. చదువు పాడవుతుందని పెద్దలు అంటారు. గేర్ల నిష్పత్తి, టార్కు, సమాంతర రేఖలు, తుప్పు, బ్యాటరీ: ఇవన్నీ సిలబస్‌లోవే కదా.

మా కాలనీ స్టాండు చివర, గోడవారగా, యజమానులు బదిలీ అయి వెళ్లిపోయిన సైకిళ్లు 11 ఉన్నాయి. స్కేలు పట్టుకుని ఒక్కోటీ చూశాం. మూడింటికి ఫ్రేము పోయింది. మిగతా ఎనిమిదింటికి కావలసింది చైను, ట్యూబు, బ్రేకు తీగ, కొంత నూనె. మా కాలనీలోనే సైకిల్ లేక రెండు కిలోమీటర్లు నడిచి బస్సు ఎక్కే పిల్లలు ఉన్నారు. యజమానుల ఫోన్ నంబర్లు కనుక్కుని అనుమతి అడిగే పని సంక్షేమ సంఘం అంకుల్ తీసుకున్నారు. నలుగురు ఇప్పటికే సరే అన్నారు.

ప్రిన్సిపాల్ మేడమ్‌కు మేం దరఖాస్తు ఇచ్చాం. నెలకు ఒక శనివారం, రెండు గంటలు, ల్యాబులో ఒక బల్ల. దరఖాస్తుకు జతచేసిన జాబితా ఇది: చైను పిన్ను తీసే పనిముట్టు ఒకటి, అలెన్ కీల సెట్టు ఒకటి, పానాలు మూడు, పంక్చర్ సామాను, నూనె డబ్బా, పాత గుడ్డలు. 30 సెంటీమీటర్ల స్కేళ్లు మా దగ్గర ఉన్నాయి.