కాగితపు నక్షత్రం ఏం పాపం చేసింది?

డిసెంబరు వచ్చిందంటే అడ్డరోడ్డు దుకాణాల ముందు ప్లాస్టిక్ నక్షత్రాలు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. బేరమాడి ఒకటి కొని, ఎస్. రాయవరం ఆటో ఎక్కేస్తాం. రంగు కాగితాలు మడిచి, కత్తిరించి, మైదా ఉడికించిన జిగురుతో అతికించి ఒకప్పుడు వీధంతా పండగ చేసిన మామ్మలు, అత్తలు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లని అడిగే నాథుడే లేడు.

ఆ పనితనం ఎంతటిదో ఒక్కసారి దగ్గరగా చూడండి. నాలుగు పక్కలా సమానంగా ఉన్న కాగితం. అడ్డంగా ఒక మడత, నిలువుగా ఒక మడత, మూల నుంచి మూలకు రెండు. విప్పితే నడిమధ్య నుంచి ఎనిమిది గీతలు. నాలుగు అంచుల్లోనూ సరిగ్గా మధ్యన కత్తెర పెట్టి, లోపలికి సగం దాకా కోయాలి. కాస్త ఎక్కువ తెగిందా, నక్షత్రం నడుము జారిపోతుంది. ఇప్పుడు ఒక్కో మూల దగ్గర రెండు రెక్కల్నీ ఒకదాని మీదికి ఒకటి తెచ్చి అంటిస్తే, అప్పటిదాకా చదునుగా పడున్న కాగితం నాలుగు కొమ్ములతో పైకి లేస్తుంది. అలాంటివి రెండు చేసి, వీపూ వీపూ కలిపి, కొంచెం తిప్పి అతికిస్తే ఎనిమిది కొమ్ముల చుక్క! స్కేలు లేదు, పెన్సిలు గీత లేదు. గోటితో మడత నొక్కడమే. దీన్ని చదువు అనరా? బడికి వెళ్లని చేతుల్లో ఉంది కాబట్టి పిల్లలాట అయిపోయిందా?

పిల్లలాట అనేవాళ్లు ఈ సంగతి వినాలి. 1893లో టి. సుందరరావు అనే ఆయన కాగితం మడతలతోనే రేఖాగణితం నేర్పే ఇంగ్లిషు పుస్తకం ఒకటి మద్రాసులో అచ్చు వేయించాడు. అప్పటికి మన రాయవరం ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోదే. జర్మనీ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించాడు. 1901లో అది షికాగోలో మళ్లీ అచ్చయింది. ఆ జర్మనీలోనే, 1830ల్లో, నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ క్రైస్తవుల బడిలో లెక్కల పాఠంగా పుట్టింది ఒక కాగితపు నక్షత్రం. తర్వాత హెర్న్‌హుట్ అనే చిన్న ఊరికి అదే పేరు తెచ్చింది, అదే కూడు పెట్టింది. ఈనాటికీ అక్కడ చేత్తోనే అతికిస్తారు, లోకమంతా కొనుక్కుంటుంది. వాళ్ల కాగితానికి ఆ యోగం. మన కాగితానికి చెత్తబుట్ట!

మనకు కళ విలువ తెలియదని అనడానికీ లేదు. పక్కనే ఏటికొప్పాక. లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటికోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినాన ఆ బొమ్మలు ఢిల్లీలో శకటమెక్కాయి. చాలా సంతోషం, దక్కాల్సిందే దక్కింది. మరి కాగితం సంగతి? అదే 2023లో మొదలైన విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి. బొమ్మలు చేసేవారున్నారు, పూలమాలలు కట్టేవారున్నారు. కాగితం మడిచేవారి ఊసే లేదు. మన రాయవరం గురజాడ పుట్టిన ఊరని రొమ్ము విరుచుకుంటాం. ఆయన కథల్లోనూ నాటకంలోనూ ఇంట్లో ఆడవాళ్ల తెలివికి ఎంత పెద్దపీట వేశాడో మాత్రం మరిచిపోతాం.

అధికారులారా! అలంకరణకు వాడే థర్మోకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. వినాయక చవితికి మట్టి బొమ్మలు పెట్టమని ఊరూరా చెబుతారు, మంచిదే. డిసెంబరు వచ్చేసరికి ఆ గొంతు ఏమైపోతుంది? ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు ఒక పది రోజులు సంచి లేకుండా చేతిపనులు నేర్చుకోవాలని 2020 విద్యావిధానంలో రాసుకున్నారే, ఆ పది రోజుల్లో ఒక్క పూటకైనా ఈ మామ్మలు పనికిరారా?

చర్చి సంఘ పెద్దలారా, మిమ్మల్ని ఇంకా గట్టిగా అడగాలి. సీరియల్ లైట్లకు చందాలు, సౌండు బాక్సులకు చందాలు, సెమీ క్రిస్మస్ ఫ్లెక్సీలకు చందాలు. రంగు కాగితాల దస్తా కొందామంటే మాత్రం, ఇంకా ఈ కాలంలో కాగితాలేమిటి అని నవ్వుతారు. పశువుల పాకలో పుట్టినవాడి పండక్కి చవక కాగితం నామోషీ అయిందా? స్త్రీల సమాజంలో వంటలకు, కుర్చీలు సర్దడానికి గుర్తొచ్చే అత్తమ్మ, పందిరి అలంకరణ దగ్గర ఎందుకు గుర్తు రాదు? పొరుగూరి డెకరేషన్ వాళ్లకు అడ్వాన్సు ఇచ్చిన రోజున, నలభై గజాల తోరణాన్ని ఒంటిచేత్తో అల్లిన మనిషి మీ వెనక వరుసలోనే కూర్చుని లేదా?

ఈ క్రిస్మస్‌కి ఆమెను పిలవండి. సండే స్కూలు పిల్లల మధ్య కుర్చీ వేయండి. అలాగని ఊరికే నేర్పమనకండి. ప్రసంగీకుడికి శాలువా కప్పి కవరు అందించే చేతులు, ఈమెకు ఒక రోజు కూలి ఇవ్వాలంటే ఎందుకు ముడుచుకుంటాయి?